సంసారపక్షపు సస్పెన్సు

మా చిన్నతనంలో పుస్తకాలు రెండే రకాలు. బల్లమీద పెట్టుకుని చదివేవీ, దిండు కింద పెట్టుకుని చదివేవీను. మొదటి రకం నాన్నగారు కొనిచ్చేవారు. రెండోరకం మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్లో రోజుకి ఐదు పైసలకి దొరికేవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మా తరం ఆడపిల్లలకి ఎంత దగ్గరివాళ్ళంటే, సొంత మేనమామల్ని కూడా మేం అంతగా తలుచుకున్న పాపాన పోలేదు.

1965లో నాకు పదమూడేళ్ళు. ఓ రాత్రి నాన్నగారు దీపం ఆర్పడానికొచ్చి, నా దిండు ఎత్తుగా ఉందేమిటా అని చెయ్యి పెట్టి చూశారు. డిటెక్టివు నవల బయటపడింది. ఎవరు రాసిందో, పేరేమిటో ఇప్పుడు గుర్తులేదు గాని, ఇంకా ముప్ఫై పేజీలు మిగిలున్నాయని మాత్రం బాగా గుర్తుంది. జమీందారు హత్య జరిగింది. ఇంట్లో అయిదుగురి మీద అనుమానం. నాన్నగారు కోప్పడలేదు. అట్టమీద జుట్టు విరబోసుకుని కేకపెడుతున్న ఆడమనిషినీ, పక్కన పిస్తోలునీ ఓ నిమిషం చూసి, "ఇది సంసారపక్షంగా ఉన్న ఇంట్లో చదవాల్సిన పుస్తకమేనా అమ్మా?" అని, దాన్ని తీసుకెళ్ళి బీరువా మీద పెట్టేశారు. అంతే. జమీందారుని ఎవరు చంపారో తెలియకుండానే నేను ఫోర్తుఫారం పరీక్షలు రాశాను.

ఆ "సంసారపక్షం" అన్న మాట నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది. చీర సంసారపక్షంగా ఉండాలి, నవ్వు సంసారపక్షంగా ఉండాలి, చివరికి చదువుకునే కథలో హత్య కూడా సంసారపక్షంగానే జరగాలి. హత్య సంసారపక్షంగా జరగడమేమిటని నాకు నేనే నవ్వుకునేదాన్ని. అలా కూడా జరపొచ్చునని, దానికోసం పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలే ఉన్నాయని నాకు తెలియడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది.

ఆమధ్య మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. డెబ్భై దాటిన మనిషి. ప్రతి ఆదివారం టంచనుగా చర్చికి వెళ్ళే భక్తురాలు. మధ్యాహ్నం అయ్యేసరికి వీధి వసారాలో కుర్చీ వేసుకుని పుస్తకం చదువుకునేది. బైబిలు కాబోలనుకున్నాను. ఓరోజు దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, అట్టమీద చీకట్లో పరుగెత్తుతున్న ఆడపిల్ల, వెనక ఎవరిదో నీడ! సాక్షాత్తూ మా నాన్నగారు బీరువా మీద పెట్టిన పుస్తకానికి పినతల్లి కూతురులా ఉంది. ఈవిడ దాన్ని పట్టపగలు, వీధిలో, వచ్చే పోయే వాళ్ళందరికీ కనపడేట్టు చదువుతోంది. పైగా తను చదివేశాక పదమూడేళ్ళ మనవరాలికిస్తుందిట. ఆ పిల్ల చదివాక చర్చిలో పాస్టరుగారి భార్యకి వెళుతుందిట.

"దీన్లో హత్యలు లేవా?" అనడిగాను.

"ఎందుకు లేవూ, మూడున్నాయి" అందావిడ సంతోషంగా.

నేనూ ఒకటి పట్టుకెళ్ళాను. తెల్లవారుజామున మూడింటిదాకా దీపం ఆర్పలేదు. హత్య ఉంది, పిల్లని ఎత్తుకుపోవడం ఉంది, తలుపు గొళ్ళెం తనంతట తనే కదలడం ఉంది. లేనివేమిటంటే ఒక్క బూతుమాట లేదు, పడగ్గది లేదు, పేగులూ నెత్తురూ లేవు. అడుగున ప్రచురణకర్త పేరు చూస్తే బైబిళ్ళూ, ప్రార్థన పుస్తకాలూ అచ్చువేసే సంస్థ. భక్తి పుస్తకాల వాళ్ళకి హత్యలతో పనేమిటి? ఈ వింత సంబంధం ఎప్పుడు కలిసిందో తెలుసుకోవాలనిపించింది. ఆ కథ రెండొందల ఏళ్ళ పైమాటే.

నిజానికి క్రైస్తవ పెద్దలకి చాలాకాలంపాటు నవల అంటేనే గిట్టేది కాదు. కల్పన అంటే అబద్ధం, అబద్ధం అంటే పాపం అనే లెక్క. ఆడపిల్లలు నవలలు చదివితే మతులు పోతాయని ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ పాదిరీలు ఉపన్యాసాలిచ్చిన రోజులున్నాయి. (మనవాళ్ళకా మాట ఎక్కడో విన్నట్టే ఉంటుంది!) అయితే గమ్మత్తు చూడండి, ఇంగ్లీషు క్రైస్తవుల ఇళ్ళలో బైబిలు తరవాత పూజనీయంగా చూసుకున్న పుస్తకం కూడా ఒక ఉత్కంఠ కథే. లైసెన్సు లేకుండా మతబోధ చేశాడని బెడ్‌ఫర్డ్ జైల్లో పన్నెండేళ్ళు మగ్గిన జాన్ బన్యన్, 1678లో అచ్చువేయించిన యాత్రికుడి కథ అది. తెలుగులోకి కూడా ఎప్పుడో వచ్చింది. అందులో యాత్రికుడూ, అతని స్నేహితుడూ నిరాశ అనే రాక్షసుడి కోటలో చిక్కుకుంటారు. బుధవారం పొద్దుటినించి శనివారం రాత్రిదాకా తిండి లేదు, నీళ్ళు లేవు, దెబ్బలు మాత్రం ఉన్నాయి. రాత్రి వేళ రాక్షసుడు పెళ్ళాంతో, వీళ్ళనేం చేద్దామని ఆలోచన చేస్తుంటాడు. అప్పుడు గుర్తొస్తుంది యాత్రికుడికి, తన అంగీలోనే ఒక తాళంచెవి ఉందని. దాని పేరు వాగ్దానం. చీకటికొట్టు, తరుముకొచ్చే రాక్షసుడు, చివరి నిమిషంలో తాళంచెవి. డిటెక్టివు నవలకి ఇంకేం కావాలి?

తరవాత నూటపదిహేడేళ్ళకి, 1795లో, హన్నా మోర్ అనే ఆవిడ రంగంలోకి దిగింది. లండన్ నాటకశాలల్లో పేరు తెచ్చుకున్న రచయిత్రి. మనసు మళ్ళి నాటకాలు వదిలేసి, చెల్లెలితో కలిసి చెడ్డార్ చుట్టుపక్కల పల్లెల్లో బీదపిల్లలకి ఆదివారం బడులు పెట్టింది. పిల్లలకి చదువొచ్చింది. వచ్చిన చదువుతో వాళ్ళు ఏం చదువుతారు? సంతలో కావిళ్ళవాళ్ళు అమ్మే గజదొంగల కథలూ, ఉరికంబం పాటలూ! పైగా ఫ్రాన్సులో విప్లవం రేగిన రోజులు. రాజులెందుకని అడిగే కరపత్రాలు కూడా ఆ గంపల్లోనే వచ్చేవి.

ఇంకొకరైతే "చదవకండి" అని ఊరుకునేవాళ్ళు. హన్నా మోర్ అలా చెయ్యలేదు. ఆ గంపల్లోని పుస్తకాలే తెచ్చుకుని ముందేసుక్కూచుంది. ఎందుకు అమ్ముడుపోతున్నాయో చూసింది. అవే మోటు బొమ్మలు, అవే ఊరించే పేర్లు, అదే అర్థణా కూడా లేని ధర పెట్టి తన కథలు అచ్చువేయించింది. అమ్మేవాళ్ళు కూడా ఆ గంపలవాళ్ళే. వాటిలో బ్లాక్ గైల్స్ అనే దొంగ కథ ఒకటి. ఓ బీద విధవరాలి ఆపిల్ పళ్ళు ఎవరో దోచుకుపోతారు. ఆ నేరం ఆదివారం బడికి వెళ్ళే ఓ నిరపరాధి పిల్లవాడి మీద పడుతుంది. అసలు దొంగెవరో మనకి తెలుసు, ఊరికి తెలియదు. నిజం బయటికొస్తుందా, రాదా? చూశారా, సస్పెన్సు ఎక్కడ మొదలైందో! ఏడాది తిరిగేసరికి ఆ చిన్ని పుస్తకాలు ఇరవై లక్షలు దాటాయి. దొరలూ దొరసానులూ కట్టలు కట్టలుగా కొని పంచడంవల్ల కూడా ఆ లెక్క పెరిగిందనుకోండి. ఆ కథల్లో బీదవాళ్ళు బీదవాళ్ళుగానే బుద్ధిగా ఉండాలన్న బోధ కూడా కావలసినంత ఉంది. అది మనం ఒప్పుకోనక్కర్లేదు. కాని ఆవిడ కనిపెట్టిన సూత్రం మాత్రం గట్టిది. చెడ్డ పుస్తకాన్ని లాక్కుంటే సరిపోదు, దాని చోట్లో అంత ఆసక్తిగానూ ఉండే మంచి పుస్తకం పెట్టాలి. ఈ మాట మా నాన్నగారికెవరైనా చెబితే బాగుండేది!

ఆ దారినే 1799లో లండన్లో రెలిజియస్ ట్రాక్ట్ సొసైటీ వెలిసింది. మొదట్లో కరపత్రాలే. పోను పోను కథలు. ఆదివారంనాడు ఇంటిల్లిపాదీ కూచుని చదువుకోడానికని 1854లో "సండే ఎట్ హోమ్" అనే పత్రిక పెట్టారు. మనం వారపత్రికల్లో సీరియల్సు కోసం ఎదురుచూసినట్టే, ఆ రోజుల్లో వాళ్ళు ఆ పత్రిక కోసం ఎదురుచూసేవారు. 1866లో అందులో "జెస్సికా మొదటి ప్రార్థన" అనే కథ వచ్చింది. రాసింది శారా స్మిత్. కలంపేరు హెస్బా స్ట్రెటన్. ఆ హెస్బా అనే మాట ఏ దేవకన్య పేరో కాదు, తనదీ, తన తోబుట్టువులదీ పేర్లలో మొదటి అక్షరాలు కలిపి కుట్టుకున్న బొంత!

ఆ కథలో జెస్సికా చింకిపాతల పిల్ల. తల్లి తాగుబోతు, పిల్లని గొడ్డుని బాదినట్టు బాదుతుంది. రైలు వంతెన కింద కాఫీబండి పెట్టుకున్న డానియల్ దగ్గర వేడి కాఫీ వాసన పీలుస్తూ నిలబడుతుంది. ఓనాడు అతని చేతిలోంచి ఒక పెన్నీ జారి దొర్లుకుంటూ వచ్చి ఆ పిల్ల ముందర పడుతుంది. జెస్సికా దానిమీద కాలు పెట్టి కప్పేస్తుంది. అతను వెతుక్కుంటున్నాడు. ఆకలి ఒకపక్క, మనస్సు ఒకపక్క. కాలు తీస్తుందా, తియ్యదా? తల్లీ, నాకు ఆ ఒక్క పెన్నీ దగ్గర గుండె ఎంత కొట్టుకుందో, ఎన్ని పిస్తోళ్ళు పేలినా అంత కొట్టుకోలేదు. (తీస్తుంది లెండి. మీరు రాత్రి నిద్రపోవాలి కదా!) ఆ పుస్తకం పదిహేను లక్షల పైచిలుకు అమ్ముడుపోయింది.

ఇహ అమెరికా. 1899లో గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ అనే ఆవిడకి భర్త పోయాడు. చేతిలో ఇద్దరు ఆడపిల్లలు. కలమే కూడుపెట్టాలి. పెట్టింది కూడాను. 1947లో పోయేదాకా నూరు పైచిలుకు నవలలు రాసింది. ఎక్కువ ప్రేమకథలే గాని, కొన్నింట్లో ఉత్కంఠ దట్టంగా ఉంటుంది. 1912లో వచ్చిన "మేరీ రహస్యం" ఎలా మొదలవుతుందంటే, సందెచీకటివేళ రైలు స్టేషనులో ఓ యువకుడి పక్కకి ఒక పెద్దింటి పిల్ల గబగబా వచ్చి, "నాకు చాలా భయంగా ఉంది, కాసేపు మీ పక్కన నడవనిస్తారా?" అన్నట్టుగా అడుగుతుంది. ఎవరు తరుముతున్నారో చెప్పదు. 1920లో వచ్చిన "ఎగ్జిట్ బెట్టీ"లో పెళ్ళికూతురు పెళ్ళిపీటల దగ్గరనించే మాయమౌతుంది. ఈ రెండు కథలూ కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటి పని పడుతుంది.

అయితే హిల్ పుస్తకాలు వేసింది మామూలు ప్రచురణకర్తలే. క్రైస్తవ సంస్థలే నవలల్ని పెద్దయెత్తున నెత్తికెత్తుకున్నది 1979 తరవాత. ఆ ఏడు మినియాపొలిస్‌లోని బెతనీ హౌస్ వాళ్ళు జానెట్ ఓక్ అనే కెనడా ఆవిడ రాసిన "లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ" వేశారు. మెత్తని ప్రేమకథ. అది విపరీతంగా అమ్ముడుపోయేసరికి, మా ఆడవాళ్ళు చదువుతారు కాబోలని అందరికీ తెలివొచ్చింది. 1986లో ఫ్రాంక్ పెరెటీ "దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్" వచ్చింది. చిన్న ఊళ్ళో పేపరు నడిపేవాడూ, పాస్టరూ కలిసి కుట్రని ఛేదిస్తుంటే, కంటికి కనపడకుండా పైన దేవదూతలకీ పిశాచాలకీ యుద్ధం. అది కూడా లక్షల్లో పోయింది. దాంతో భక్తి పుస్తకాల కొట్లో గుండె గుబగుబలాడించే పుస్తకాలకి ఒక బీరువా ఏర్పడింది.

దాని తరవాతి మలుపు నాకు బాగా నచ్చింది. టెర్రీ బ్లాక్‌స్టాక్ అనే రచయిత్రి వేరే పేర్లతో మామూలు శృంగార నవలలు ముప్ఫైకి పైగా రాసి, బాగా డబ్బు చేసుకుంటున్న మనిషి. 1994లో ఇహ అలాంటివి రాయనని మానేసింది. హన్నా మోర్ నాటకాలు వదిలినట్టే. 1995లో ఆవిడ మొదటి సస్పెన్సు నవలని జోండర్వాన్ సంస్థ వేసింది. ఆ జోండర్వాన్ మా పక్కింటావిడ ఊరిదే. 1931లో ఇద్దరన్నదమ్ములు ఆ దగ్గర పల్లెలో తల్లి ఇంట్లో మొదలుపెట్టిన పాత పుస్తకాల బేరం. హాలండునించి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల ఊరు గ్రాండ్ రాపిడ్స్. కుర్చీలూ, బల్లలూ, భక్తి పుస్తకాలూ ఆ ఊరికి పేరు తెచ్చాయి. అక్కడే 1939లో మొదలైన బేకర్ సంస్థ, తరవాత బెతనీ హౌస్‌ని కూడా కొనేసుకుంది.

1999, 2000 సంవత్సరాల్లో డీ హెండర్సన్ వచ్చింది. తల్లీదండ్రీ లేని ఏడుగురు పిల్లలు అనాథాశ్రమంలో పెరిగి, మనమే అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం అనుకుని, అందరూ ఒకే ఇంటిపేరు పెట్టుకున్న కథల వరస ఆవిడది. "నెగోషియేటర్" అనే నవలలో కేట్ అనే అమ్మాయి, బ్యాంకులో బాంబు పట్టుకుని జనాన్ని నిర్బంధించినవాడితో మాట్లాడుతూ కూచుంటుంది. ఆవిడ ఆయుధం మాటే. సంసారంలో మనం రోజూ వాడే ఆయుధమే గదా అది! కోపంగా ఉన్న మనిషిని మాటలతో ఎలా నిమ్మళించాలో మనకొకళ్ళు చెప్పాలా?

ఆఖరికి ప్రేమనవలల మహాసామ్రాజ్యం హార్లిక్విన్ కూడా చూసింది, ఇందులో బేరముందని. 1997లో "లవ్ ఇన్‌స్పైర్డ్" అని భక్తి ప్రేమకథలూ, 2005లో అదే పేరుతో సస్పెన్సు కథలూ మొదలుపెట్టింది. తిట్లుండకూడదు, పెళ్ళికి ముందు హద్దు దాటకూడదు, హింస కళ్ళకి కట్టకూడదు అని రాసేవాళ్ళకి పద్దు రాసిచ్చారు. ఇప్పుడు హార్లిక్విన్, జోండర్వాన్ రెండూ హార్పర్ కాలిన్స్ అనే ఒకే గొడుగు కింద ఉన్నాయి. భక్తి అయినా, భయం అయినా లెక్కలు రాసే గుమాస్తా ఒకడే. పాపం, వాటిని అమ్మే కొట్లే పోయాయి. ఆ ఊరి కేంద్రంగా దేశమంతా నడిచిన ఫామిలీ క్రిస్టియన్ దుకాణాలు 2017లోనూ, లైఫ్‌వే దుకాణాలు 2019లోనూ మూసేశారు. ఇప్పుడావిడ పుస్తకాలు లైబ్రరీలో తెచ్చుకుంటుంది, లేదా పోస్టులో తెప్పించుకుంటుంది.

చరిత్ర సరే, అసలు ఇన్ని కట్టుబాట్ల మధ్య ఉత్కంఠ ఎలా నిలుస్తుందండీ అని మీరడగొచ్చు. నాకర్థమైంది చెబుతాను. హరికథ దాసుగారు ద్రౌపదీ వస్త్రాపహరణం దగ్గర సరిగ్గా కథ ఆపి హారతి పళ్ళెం తిప్పుతాడు చూడండి, ఆ కిటుకే ఇది. చూపించడంలో లేదు, ఆపడంలో ఉంది. కత్తి దిగడం రాయకూడదు కాబట్టి, కత్తి సొరుగులో లేకపోవడం రాస్తారు. ఇల్లాలు చపాతీపిండి కలుపుతూ వెనక్కి తిరిగి చూస్తే పెరటి తలుపు తీసుంటుంది. తను వేసిన గుర్తు. అంతే, అధ్యాయం అయిపోతుంది. నెత్తుటి మడుగు వర్ణించి ఉంటే నేను పేజీ తిప్పేసి ఉందును. ఆ తీసున్న తలుపు కోసం లేచి వెళ్ళి, మా అమ్మాయి ఇంటి తలుపు రెండుసార్లు చూసొచ్చాను.

లోపాలు లేవని కాదు. దుర్మార్గుడు గుమ్మంలోకి వచ్చి నిలబడితే, నాయిక పారిపోకుండా మూడు పేజీలు విశ్వాసం గురించి చర్చ చేసే పుస్తకాలు కూడా ఉన్నాయి. పులిహోరలో పంటికింద రాయిలా ఉంటుంది. ఆ పేజీలు నేను దాటేశాను. పక్కింటావిడని అడిగితే, "నేనూ అంతే" అంది మెల్లగా.

ఒకరోజు ఆవిడే చెప్పుకొచ్చింది. ఓ పాతికేళ్ళ క్రితం భర్త రాత్రి షిఫ్టులో ఉండగా, వంటింటి తలుపు బద్దలుగొట్టి ఎవడో ఇంట్లో జొరబడ్డాడట. పిల్లల్ని తీసుకుని గదిలో గడియ వేసుకుని కూచుందిట. వాడు వెండి సామాను పట్టుకుని పోయాడు. కాని భయం మాత్రం పోలేదు. నెలల తరబడి నిద్ర లేదు. టీవీలో నేరాల కార్యక్రమాలు చూస్తే మరీ హడలిపోయేదిట. అప్పుడు భక్తి పుస్తకాల కొట్లో ఎవరో హెండర్సన్ నవల చేతిలో పెట్టారు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దర్నీ ఎవరో ఎత్తుకుపోతే, ఒక్కతే బతికి బయటపడి, పెద్దయ్యాక కూడా కాపలాల మధ్య భయపడుతూ బతికే ఆవిడ కథ. "నా భయం ఏమిటో దానికి తెలుసు. కాని నన్ను చీకట్లో వదిలేసి పోదని కూడా నాకు తెలుసు. తెల్లారుతుందని మాట ఇచ్చి భయపెట్టే పుస్తకం కావాలి నాకు" అంది.

ఆ మాట ఎంతో బావుందని రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయికి చెప్పాను. అది ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తుంది. విని, చెయ్యి కడుక్కుంటూ అంది: "బాగానే ఉందమ్మా. కాని మా దగ్గరికి రాత్రిళ్ళు దెబ్బలతో వచ్చే ఆడవాళ్ళని కొట్టింది ముసుగు దొంగలు కాదు. ఇంట్లోవాళ్ళే. కారు పార్కు చేసి వస్తానని బయట నుంచునేది కూడా వాళ్ళే. అది రాస్తారా మీ శుభ్రమైన పుస్తకాల్లో?"

నాకు మాట రాలేదు. మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చింది. నా పన్నెండో ఏట అక్క పుట్టింటికి వెళ్ళకుండా తిన్నగా మా ఇంటికొచ్చింది. మోచెయ్యి వాచిపోయి నల్లగా ఉంది. మెట్లమీంచి జారిందన్నారు పెద్దవాళ్ళు. అక్క అవునంది. వాళ్ళది డాబా లేని పెంకుటిల్లని, ఎక్కడా మెట్లే లేవని నాకు తెలుసు. నోరెత్తి అడగబోతే, "సంసారపక్షంగా ఉన్నవాళ్ళు అడగాల్సిన మాటలు కావవి" అని నా నోరు మూయించారు. మూడోరోజున బావగారే వచ్చి తీసుకెళ్ళారు. అరటిపళ్ళు కూడా తెచ్చారు. అదే మాట! పుస్తకాన్ని బీరువా ఎక్కించిన మాటే అక్కని వెనక్కి పంపించింది.

ఆ రాత్రి నాకు పుస్తకం ముట్టబుద్ధి కాలేదు. శుభ్రం అంటే ఇదేనా, చూడకుండా తలుపేసుకోవడమేనా అనిపించింది. తరవాత నెమ్మదిమీద, చదివినవన్నీ ఒకటొకటే తలుచుకున్నాను. మిమ్మల్ని గుర్తుపెట్టుకోమన్నానే, గ్రేస్ హిల్ కథలు రెండు. మేరీని రైలు స్టేషనులో తరుముతున్నదెవరు? గజదొంగ కాదు, సొంత బంధువే. బెట్టీ పెళ్ళిపీటలమీంచి ఎవరికి భయపడి పారిపోయింది? బలవంతాన పెళ్ళి చేస్తున్న సవతితల్లికి. టెర్రీ బ్లాక్‌స్టాక్ మొదటి సస్పెన్సులో, కొట్టే మొగుణ్ణి వదిలి చిన్నపిల్లతో దాక్కుంటున్న ఇల్లాలు ఉంది, ఆవిడ పక్షాన నిలబడ్డ ఆడ లాయరు ఉంది. ఒక్క అసభ్యమైన మాట లేకుండానే ఉన్నారు.

అన్నిటికంటే హెస్బా స్ట్రెటన్. ఇంటిల్లిపాదీ కూచుని చదివే ఆదివారం పత్రికలోనే ఆవిడ, తల్లి చేతిలో దెబ్బలు తినే పిల్లని తెచ్చి నిలబెట్టింది. కథ రాసి ఊరుకోలేదు కూడా. 1884లో లండన్లో పిల్లల మీద క్రూరత్వాన్ని అరికట్టే సంఘం పెట్టినవాళ్ళలో ఆవిడొకతె. 1889లో ఇంగ్లండులో చట్టం వచ్చింది, ఇంట్లో పిల్లని హింసిస్తుంటే గుమ్మం దాటి లోపలికి వెళ్ళే అధికారం ఇస్తూ. అదంతా ఒక్క కథ వల్లే జరిగిందనను. కాని ఆ కథ చదివి కళ్ళు తుడుచుకున్న ఇళ్ళలో, ఆ చట్టం మాట ఎత్తడం తేలికై ఉంటుందనుకుంటాను.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. "అయితే కొందరు రాశారన్నమాట" అంది. "కొందరే" అన్నాను. రాయనివాళ్ళు చాలామంది ఉన్నారు, ముసుగు దొంగతో సరిపెట్టేవాళ్ళు. తేడా నాకిప్పుడు తెలుస్తోంది. మాట శుభ్రంగా ఉండటం వేరు, మాటే లేకపోవడం వేరు. మాట శుభ్రంగా ఉంటే పదమూడేళ్ళ మనవరాలూ, డెబ్భై ఏళ్ళ అమ్మమ్మా ఒకే పుస్తకం చదువుకుని, దాంట్లోని భయం గురించి ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవచ్చు. మా ఇంట్లో అలాంటి పుస్తకం ఒక్కటుంటే, పన్నెండేళ్ళ నేను అక్క చెయ్యి పట్టుకుని అడిగి ఉందునేమో. భయం దొడ్డిదారిన వచ్చి దిండుకింద దాక్కున్నంతకాలం దాని గురించి ఎవరితో చెప్పుకుంటాం?

తిరిగి వచ్చేటప్పుడు పక్కింటావిడ నాలుగు పుస్తకాలు నా పెట్టెలో పెట్టింది. ఇప్పుడవి మా హాల్లో బల్లమీదే ఉన్నాయి, అట్టలు పైకి కనపడేటట్టు.

అన్నట్టు, మా జమీందారు హత్య సంగతి చెప్పలేదు కదూ! పుస్తకం బీరువా మీద కూచుని అద్దె పెరిగిపోతుంటే, వారం తరవాత అమ్మే దాన్ని కొంగుచాటున పట్టుకెళ్ళి కొట్లో ఇచ్చేసింది. తరవాత ఎన్నో ఏళ్ళకి, నా పెళ్ళి కుదిరాక, ఇద్దరం అప్పడాలు ఒత్తుతుంటే ఉన్నట్టుండి ఆ పుస్తకం మాట వచ్చింది. చివరికేమైందో ఈ జన్మకి తెలియదన్నాను. అమ్మ అటూ ఇటూ చూసి, నాన్నగారు వీధిలోనే ఉన్నారని నిశ్చయం చేసుకుని, గొంతు తగ్గించి అంది:

"గుమాస్తా. మొదటినించీ నాకు వాడిమీదే అనుమానం."